పాళెము ఆగిన ఏడు దినములు

(రేడియో ప్రసంగ పాఠము)

ధ్యాన వాక్యభాగము: సంఖ్యాకాండము 12వ అధ్యాయము, 10 నుండి 15 వచనములు

గంభీరావుపేట, నర్మాల మొదలుకొని మానేరు ఒడ్డున ఉన్న గ్రామాలలోను, సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల సంఘాలలోను ఈ మాటలు వినుచున్న, చదువుచున్న ప్రతి కుటుంబమును దేవుడు దీవించును గాక.

ప్రియులారా, ఈనాటి అంశము కొంచెం బరువైనది. కరోనా తెగులు దినములలో మన ఇండ్లలో, సంఘాలలో, రచ్చబండల దగ్గర ఒక ప్రశ్న లేచింది. ప్రాణమా? బ్రతుకుదెరువా? ఈ రెండింటిలో దేనిని ముందు కాపాడుకోవాలి? 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ అత్యవసర పరిస్థితి ముగిసినట్లు ప్రకటించింది. తెగులు తగ్గింది గాని వాదము తగ్గలేదు. ఒక సహోదరుడు, "ఆనాడు అన్నీ మూయకపోతే ఇంకెంతమంది పోయేవాళ్లో" అంటాడు. అదే బల్ల మీద కూర్చున్న ఇంకొక సహోదరుడు, "రోగంతోని పోయినోళ్లు కొందరైతే, మూసినందుకు ఆగమైనోళ్లు ఊరంత ఉన్నరు" అంటాడు. మొదటివాని ఇంట్లో గోడ మీద తండ్రి ఫోటోకు దండ ఉన్నది. రెండవవాని ఇంట్లో ఇంకా తీరని అప్పు ఉన్నది. ఇద్దరి కన్నీళ్లూ నిజమైనవే. కాబట్టి ఎవరినీ గద్దింపకుండా, దేవుని వాక్యము ఈ విషయమై ఏమి నేర్పుచున్నదో కలిసి చూద్దాము.

ఇశ్రాయేలీయులు హజేరోతులో దిగియున్నారు. మిర్యాము, అహరోనులు మోషేకు విరోధముగా మాటలాడిరి. మేఘము గుడారము మీదనుండి పైకెత్తబడినప్పుడు మిర్యాము ఒళ్లంతా కుష్ఠుతో మంచువలె తెల్లబడియున్నది. అహరోను బ్రతిమాలుకొన్నాడు. మోషే మొరపెట్టాడు. దేవుడు ఆమెను ఏడు దినములు పాళెము వెలుపల ఉంచమని, ఆ తరువాత లోపలికి తీసుకొనిరమ్మని సెలవిచ్చాడు. ఇంతవరకు ఆదివారపు బడి పిల్లలకు కూడా తెలిసిన చరిత్రే. అయితే 15వ వచనము చివర మనము తొందరగా దాటిపోయే సంగతి ఒకటున్నది. ఆమె తిరిగి వచ్చేంతవరకు జనులెవ్వరూ ప్రయాణము చేయలేదు.

ఆ పాళెము ఎంత పెద్దదో ఆలోచించండి. యుద్ధమునకు పోదగిన పురుషులే 6,03,550 మంది అని ఇదే గ్రంథము మొదటి అధ్యాయములో లెక్క ఉన్నది. స్త్రీలు, పిల్లలు, ముసలివారు, మందలు వేరు. ఎడారిలో అంతమంది ఒక్క దినము ఆగితే ఎంత నీరు కావాలి, పశువులకు ఎంత మేత కావాలి? ముందు వాగ్దాన దేశమున్నది. అయినా వెలుపల ఉన్న ఒక్క స్త్రీ కొరకు పాళెమంతా ఏడు దినములు ఆగింది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మిర్యాము తప్పు చేసినందున ఆమెకు వ్యాధి వచ్చింది గనుక రోగము వచ్చిన ప్రతివాడూ పాపియే అనుకొనరాదు. యోహాను సువార్త 9వ అధ్యాయములో పుట్టు గ్రుడ్డివానిని గూర్చి శిష్యులు అటువంటి ప్రశ్నే వేస్తే, ప్రభువు ఆ ఆలోచననే త్రోసివేశాడు. 2020 మార్చిలో మన కరీంనగర్ పట్టణములో ఇండోనేషియా నుండి వచ్చిన బోధకుల బృందములో వ్యాధి బయటపడినప్పుడు, కొందరు ఆ తెగులుకు ఒక మతము పేరు తగిలించారు. అది పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యమే. సూక్ష్మక్రిమికి కులము లేదు, మతము లేదు. ఇక ఈ వాక్యభాగములోనుండి మూడు సంగతులు ధ్యానించుదము.

మొదటి సంగతి: ప్రాణమును కాపాడుటకు ఆగుట అవిశ్వాసము కాదు.

2020 మార్చి 22 ఆదివారము జనతా కర్ఫ్యూ. ఆనాడే మన రాష్ట్రములో లాక్‌డౌన్ ప్రకటించారు. మార్చి 25 నుండి దేశమంతా మూతపడింది. ఏప్రిల్ 12న ఈస్టర్ పండుగ వచ్చింది. సమాధి తోటలకు పోకుండా, మందిరములో దీపము వెలిగించకుండా ఇండ్లలోనే ఆరాధించాము. జూన్ 8న మరల తలుపులు తెరిచేదాకా పదకొండు వారాలు గడిచాయి. "దేవుని మందిరము మూయడమేమిటి, మన విశ్వాసమేమయ్యింది?" అని బాధపడినవారు మీలో ఉన్నారు. ఆ బాధను నేను తక్కువ చేయను. అయితే లేవీయకాండము 13వ అధ్యాయము చదవండి. అనుమానము ఉన్న రోగిని ఏడు దినములు ప్రత్యేకముగా ఉంచమని ఆజ్ఞ ఇచ్చినవాడు రాజు కాదు, వైద్యుడు కాదు, దేవుడే. దానిని అమలు చేసినవాడు యాజకుడు. అంటే వ్యాధి పాకకుండా చూచుట మన పెద్దలకు దేవుడు అప్పగించిన పరిచర్యలో భాగమే.

1527లో విట్టెన్‌బర్గ్ పట్టణానికి తెగులు వచ్చినప్పుడు మార్టిన్ లూథర్ బ్రెస్లావులోని పాదిరి యోహాన్ హెస్సుకు ఒక లేఖ వ్రాశాడు. అతని భావమిది: నేను ప్రార్థిస్తాను, గాలిని శుభ్రము చేసుకుంటాను, మందు పుచ్చుకుంటాను, నా అవసరము లేని చోటికి పోయి ఇతరులకు అంటించను, కాని పొరుగువానికి నా అవసరము ఉంటే తప్పక పోతాను. విశ్వాసమూ జాగ్రత్తా ఒకదానికొకటి శత్రువులు కావని ఐదు వందల ఏండ్ల క్రితమే మన పితరులు గ్రహించారు.

ఆగకపోతే ఏమవుతుందో 1918 ఇన్‌ఫ్లుయెంజా చూపింది. అమెరికాలోని ఫిలడెల్ఫియా పట్టణములో ఆ ఏడు సెప్టెంబరు 28న యుద్ధ నిధుల కొరకు పెద్ద ఊరేగింపు జరిపారు. కొద్ది దినములకే ఆసుపత్రులు నిండిపోయాయి. సెయింట్ లూయిస్ పట్టణము అక్టోబరు మొదట్లోనే బడులు, నాటకశాలలు, దేవాలయాలు మూసింది. అక్కడ మరణాలు ఎంతో తక్కువ. అదే తెగులులో మన దేశములో కోటికి పైగా ప్రాణాలు పోయాయి. కాబట్టి ఆగాలన్న నిర్ణయము భయపడినవారి నిర్ణయమని తేలికగా అనవద్దు.

రెండవ సంగతి: ఆగినందుకు అయ్యే ఖర్చు పాళెమంతా మోయాలి.

ప్రియులారా, నా ప్రసంగములో ముఖ్యమైన మాట ఇదే. మిర్యామును వెలుపల విడిచి పాళెము తన దారిన తాను పోలేదు. ఆమెతోపాటు అందరూ ఏడు దినములు నష్టపోయారు. మరి మన దినములలో ఏమి జరిగింది? ఆగింది అందరమే గాని, నష్టము అందరికీ ఒక్కటిగా పడలేదు.

నెల జీతము బ్యాంకులో పడేవారికి లాక్‌డౌన్ అంటే ఇంట్లో కూర్చొనుట. సిరిసిల్లలో సాంచాల మీద పనిచేసే కార్మికునికి మగ్గము ఆడితేనే కూలి. నేసిన మీటర్ల లెక్కనే వారానికి డబ్బు. పవర్‌లూమ్ చప్పుడు ఆగిననాడు అతని పొయ్యి కూడా ఆగుతుంది. బీడీలు చేసే తల్లికి ఆకు, తంబాకు రాకపోతే చేట ముందు కూర్చొన్నా లాభము లేదు. దుబాయిలో, మస్కట్‌లో, సౌదీలో పని పోయిన మన బిడ్డలు ఇరుకు గదుల్లో మంచానికి మంచము ఆనుకొని ఉన్నారు. ఆరడుగుల దూరము ఎక్కడ పాటిస్తారు? మే 7 నుండి వందే భారత్ విమానాలు మొదలైనా, వీసాకు చేసిన అప్పు మాత్రము వారికంటే ముందే ఇల్లు చేరింది.

ఆనాటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు గారు, ఆర్థిక వ్యవస్థను తిరిగి నిలబెట్టుకోవచ్చు గాని పోయిన ప్రాణాలను తేలేము అనే భావముతో మాటలాడారు. ఆ మాటలో సత్యమున్నది. అయితే ఆర్థిక వ్యవస్థ అనేది హైదరాబాదులో ఎక్కడో ఉండే వస్తువు కాదు. అది ఒక కార్మికుని ఇంట్లో బియ్యపు డబ్బా కూడా. ప్రభుత్వము తెల్ల కార్డున్న కుటుంబాలలో మనిషికి 12 కిలోల బియ్యము, కుటుంబానికి 1,500 రూపాయలు ఇచ్చింది. అందుకు దేవునికి స్తోత్రము. ఇంటి కిరాయి, మందులు, గ్రూపు అప్పుల కిస్తులు ఉన్న ఇంటికి అది ఎన్ని దినములకు వచ్చునో మీకు తెలియనిది కాదు. 2020 ఏప్రిల్ నుండి జూన్ వరకు దేశ ఉత్పత్తి అంతకు ముందటి ఏటితో పోలిస్తే దాదాపు నాలుగవ వంతు పడిపోయింది.

ఇంకొక లెక్క వినండి. 2019లో మన దేశములో సుమారు 24 లక్షల మంది క్షయ రోగులను గుర్తించి నమోదు చేశారు. 2020లో ఆ సంఖ్య సుమారు 18 లక్షలకు తగ్గింది. క్షయ తగ్గినందున కాదు. బస్సులు లేక, దవాఖానకు పోలేక, పరీక్షలు జరగక. కాబట్టి "ఒకవైపు ప్రాణము, ఇంకొకవైపు పైసలు" అని త్రాసు పెట్టుట సరికాదు. రెండు తట్టలలోనూ ప్రాణాలే ఉన్నాయి. ఒక తట్టలోనివారు ఆసుపత్రి మంచము మీద కనబడతారు. ఇంకొక తట్టలోనివారు నెలల తరువాత, ఏండ్ల తరువాత, ఎవ్వరూ లెక్కపెట్టని చోట కనబడతారు.

పాళెము ఏలాగు ఆగాలో చూపిన సంఘమొకటి చరిత్రలో ఉన్నది. ఇంగ్లాండులో ఈమ్ అనే చిన్న గ్రామానికి 1665లో ప్లేగు వచ్చింది. పాదిరి విలియం మొంపెస్సన్, అతనికి ముందు అక్కడ సేవ చేసిన థామస్ స్టాన్లీ కలిసి గ్రామస్థులను ఒప్పించారు. మనము పారిపోతే చుట్టుప్రక్కల ఊర్లన్నీ చస్తాయి, కాబట్టి ఎల్ల దాటి పోవద్దు అన్నారు. మందిరము మూసి బయలు లోయలో, కుటుంబము కుటుంబము దూరముగా నిలువబడి ఆరాధించారు. సుమారు 260 మంది చనిపోయారు. 1666 ఆగస్టులో ఆ పాదిరి భార్య కేథరిన్ కూడా చనిపోయింది. ఈ కథలో మనము మరచిపోయే భాగమొకటున్నది. డెవన్‌షైర్ ప్రభువు వారికి ఆహారము పంపించాడు. చుట్టుప్రక్కల గ్రామాలవారు ఎల్లరాతి దగ్గర రొట్టెలు, సరుకులు పెట్టిపోయేవారు. లోపలివారు చిల్లిలో పోసిన వెనిగర్‌లో నాణెములు వేసేవారు. లోపలివారు బయటివారి ప్రాణము కాపాడారు, బయటివారు లోపలివారి కడుపు కాపాడారు. ఆ రాయి దగ్గర రొట్టె లేకపోయి ఉంటే, ఆ కట్టుబాటు ఎన్ని దినములు నిలిచేది?

అంత దూరము పోనక్కరలేదు. మన ప్రక్కనే నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లి ఉన్నది. మెథడిస్టు మిషను వైద్యురాలు ఇసబెల్ కెర్ అమ్మగారు, రాజా నర్సాగౌడ్ గారి విరాళముతో 1915లో అక్కడ కుష్ఠు ఆసుపత్రి ప్రారంభించారు. ఊరు వెలివేసినవారికి అక్కడ మందుతోపాటు ఇల్లు, మనుష్యుల సహవాసము దొరికాయి. వేరుగా ఉంచుట వేరు, విడిచిపెట్టుట వేరు. ఒక హిందువు ధనము, ఒక క్రైస్తవ వైద్యురాలి చేతులు కలిసి ఆ తేడా చూపించాయి.

మూడవ సంగతి: ఏడవ దినమున మరల చూడవలెను.

దేవుడు "ఆమెను వెలుపల ఉంచండి" అని చెప్పి ఊరకుండలేదు. ఎన్ని దినములో చెప్పాడు. లేవీయకాండములో యాజకుడు ఏడవ దినమున వచ్చి రోగిని మరల చూడాలి. సందేహముంటే మరి ఏడు దినములు. బాగుపడితే పవిత్రుడని అందరి ఎదుట ప్రకటించాలి. మూయుట ఎంత ఆజ్ఞయో, వచ్చి చూచుట అంత ఆజ్ఞ; తెరచుట కూడా ఆజ్ఞయే.

ఇంకా శ్రద్ధగా చదివితే 14వ అధ్యాయము 36వ వచనములో ఆశ్చర్యమైన కనికరము కనబడుతుంది. ఇంటి గోడకు తెగులు పొడ ఉన్నదని యాజకుడు చూడవచ్చునప్పుడు, అతడు లోపలికి రాకముందే సామానంతా బయట పెట్టించాలి. ఎందుకు? ఇల్లు అపవిత్రమని తేలితే లోపలి సామాను కూడా పనికిరాకుండా పోవును గనుక. పేదవాని కుండలు, గొంగళ్లు నష్టపోకూడదని దేవుడు చూశాడు! అదే అధ్యాయము 21వ వచనములో, బీదవాడైతే అర్పణ కూడా తగ్గించాడు. ఆరోగ్య నియమము ఇస్తూనే దాని ఖర్చు తగ్గించుటకు దారి కూడా చూపించిన దేవుడాయన.

మన దగ్గర కూడా అటువంటి తెలివి కొంత కనబడింది. 2020 ఏప్రిల్‌లో యాసంగి వరి కోతకు వచ్చింది. పంట ఆగదు గదా! రైతులందరూ ఒకేసారి మార్కెట్ యార్డుకు పోకుండా, గ్రామాలలోనే కొనుగోలు కేంద్రాలు పెట్టి కూపన్ల ప్రకారము వడ్లు కొన్నారు. గోనె సంచులకు, హమాలీలకు కష్టమైంది. అయినా ఊరు బ్రతికింది, గుంపు తప్పింది. 2021 మే 12న రెండవ విడత లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఉదయము 6 నుండి 10 గంటల వరకు వదిలారు, వ్యవసాయ పనులు ఆపలేదు. అంటే రెండవసారి త్రాసు కొంచెం నిదానముగా పట్టుకున్నారు.

అయితే అన్నిచోట్ల అలాగు జరుగలేదు. 2020 మే 1న దేశములోనే మొదటి శ్రామిక్ రైలు మన లింగంపల్లి నుండి జార్ఖండ్‌లోని హతియాకు సుమారు 1,200 మందితో వెళ్లింది. కాని అప్పటికే ఎంతోమంది నెత్తిన మూటలతో, చంకన బిడ్డలతో కామారెడ్డి మీదుగా రహదారి పట్టుకొని నడిచిపోయారు. అదే నెలలో మన బియ్యం మిల్లులకు హమాలీలు కావలసివచ్చి బీహారు నుండి రైలులో కొందరిని పిలిపించి, అదే లింగంపల్లిలో పూలిచ్చి ఆహ్వానించారు. చేతులు కావలసినప్పుడు పూలు, కడుపు కాలినప్పుడు కాలినడక! మే 6న మద్యము దుకాణాలు తెరిచారు; ఆరాధన స్థలాలకు ఇంకొక నెల పట్టింది. సర్కారుకు ఆదాయము అవసరమే. కాని తాగుబోతు భర్తతో ఇంట్లోనే ఉండవలసి వచ్చిన తల్లి కన్నీళ్లు ఆ త్రాసులో ఎవరైనా వేశారా?

అన్నిటికంటే నాకు బరువుగా తోచేది పిల్లల సంగతి. 2020 మార్చి మధ్యలో బడులు మూశారు. సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్‌లో, టీ-శాట్‌లో పాఠాలు చెప్పారు. ఉపాధ్యాయులు ఇంటింటికి తిరిగి కష్టపడ్డారు, వారికి వందనము. ఒక్క ఫోను, ముగ్గురు పిల్లలు ఉన్న ఇంట్లో ఏ పిల్లకు పాఠము అందుతుంది? చిన్న తరగతుల పిల్లలకు 2021 సెప్టెంబరు 1 వరకు, దాదాపు ఏడాదిన్నర బడి లేదు. ఈలోగా దుకాణాలు తెరిచారు, పెండ్లిళ్లు జరిగాయి, ఎన్నికలు జరిగాయి. ఏడవ దినమున వచ్చి చూడవలసిన యాజకుడు పిల్లల గుమ్మము దగ్గరికి మాత్రము చాలా ఆలస్యముగా వచ్చాడు. ముసలివారిని కాపాడుటకు పిల్లలు ఆగారు, అది ప్రేమే. కాని పెద్దలము ఆ పిల్లల ఋణము తీర్చామా?

ప్రియ సహోదరీ సహోదరులారా, ఇది ప్రభుత్వాలను విమర్శించుటకు చేసిన ప్రసంగము కాదు. తెలియని తెగులు ఎదుట నిర్ణయము తీసుకొనుట ఎవరికైనా కష్టమే. రాష్ట్రములో అధికారిక లెక్కల ప్రకారమే నాలుగు వేలకు పైగా మన సహోదరులు చనిపోయారు. మనము మన భాగము చూచుకొందాము. ఇంకొక తెగులు రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఆనాటికి గంభీరావుపేటలోని సంఘము, మీ ఊరి సంఘము ఏలాగు సిద్ధపడాలి?

ఒకటి: మన తల్లులు వండేముందు దేవునికని తీసిపెట్టే పిడికెడు బియ్యము ఉన్నది గదా, దానిలో ఒక భాగము ఆపద్దినము కొరకు నిలువ చేయండి. కూలి ఆగిన మొదటి వారములోనే, అడుగకముందే, ఆ ఇంటి గుమ్మము దగ్గర పెట్టండి. అదే మన ఎల్లరాయి. ఆ ఇల్లు మన సంఘపు ఇల్లా, ప్రక్క వాడవారిదా అని చూడకండి.

రెండు: సంఘ పెద్దలు ఒక పుస్తకము పెట్టండి. ఊరిలో ఒంటరి ముసలివారెవరు, క్షయ మందులు, షుగరు మందులు వాడేవారెవరు, గల్ఫులో భర్తలున్న తల్లులెవరు, దినకూలి మీద బ్రతికేవారెవరు? బస్సులు ఆగిననాడు ఆ పుస్తకము పట్టుకొని ఆశా అక్క దగ్గరికి, పంచాయతీ దగ్గరికి పోవచ్చును. టీకా వేయించుకొనుటకు వెనుకాడేవారితో కూర్చొని నెమ్మదిగా మాట్లాడండి.

మూడు: ఆనాడు చదువు వెనుకబడిన పిల్లలు ఇప్పుడు పెద్ద తరగతుల్లో ఉన్నారు. కొందరు బడి మాని సాంచాల దగ్గరికో, పొలము పనికో పోయారు. కొందరు ఆడపిల్లలకు ముందే పెండ్లి చేశారు. మందిరము వారమంతా ఖాళీగానే ఉంటుంది గదా. డిగ్రీ చదివిన మన యౌవనస్థులు సాయంత్రము ఒక గంట ఆ గదిలో పిల్లలకు చదువు, లెక్కలు చెప్పితే, అది ఆలస్యముగానైనా తీర్చిన ఋణము.

నాలుగు: మూయవలెనన్నవాడిని పిరికివాడనీ, తెరవవలెనన్నవాడిని కఠినుడనీ పిలువకండి. ఇప్పటికీ ఆ మాటల వలన ముఖముఖాలు చూచుకోని అన్నదమ్ములు మన సంఘాలలో ఉన్నారు. ఆ నెలలలో శవము మోయుటకు రాలేదని పగ పట్టినవారున్నారు. వచ్చే ప్రభు బల్ల ఆరాధనకు ముందే పోయి, "నీవెంత పోగొట్టుకొన్నావో నాకు చెప్పు" అని అడగండి. మీరు చెప్పకముందు వారిని చెప్పనివ్వండి.

మిర్యాము ఎనిమిదవ దినమున లోపలికి వచ్చినప్పుడు పాళెము ఆమె కొరకు అక్కడే ఉన్నది. గుడారములు కదలలేదు. పిల్లలు ఎదురుచూస్తున్నారు. ఆమెను వెనుకకు విడిచి ముందుకు పోయి ఉంటే జనులకు ఏడు దినములు మిగిలేవి; ఒక సహోదరి మాత్రము మిగిలేది కాదు. పాళెము వెలుపల శ్రమపడి మనలను లోపలికి చేర్చుకొన్న ప్రభువు మనకున్నాడు. ఆయన పిల్లలమైన మనము ఎవరినీ వెలుపల విడిచి ప్రయాణము చేయకుందుము గాక.

ప్రార్థించుదము. కృపగల తండ్రీ, తెగులు దినములలో మమ్మును కాపాడినందుకు నీకు స్తోత్రము. తమవారిని పోగొట్టుకొన్న కుటుంబాలను, పని పోయి అప్పుల పాలైన కుటుంబాలను నీవే ఆదరించుము. వైద్యులను, నర్సులను, ఆశా అక్కలను, పారిశుద్ధ్య కార్మికులను దీవించుము. మమ్మును ఏలువారికి జాగ్రత్తగల మనస్సును, కనికరముగల హృదయమును దయచేయుము. ఆగవలసిన దినమున ఆగుటకు, తెరవవలసిన దినమున తెరచుటకు, ఆ ఖర్చును బీదల మీద వేయక అందరమూ కలిసి మోయుటకు మాకు బలమిమ్ము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.